మజిల్‌లోడర్‌తో ఎల్క్ వేట: గైడ్ లేకుండా ప్రభుత్వ అడవికి వెళ్లేవాళ్లు ఏది ఎంచుకోవాలి

అమెరికాలో గైడ్‌ను పెట్టుకోకుండా, ప్రభుత్వ భూమిలో, ఏర్పాట్లన్నీ మనమే చేసుకుని ఎల్క్ (పెద్ద జింక జాతి జంతువు) వేటకు వెళ్దామనుకునేవాళ్లు చాలామంది ముందు తుపాకీ గురించే అడుగుతారు. ఏ కంపెనీది కొనాలి, ఎంత క్యాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు) ఉండాలి, ఏ తుపాకీ మందు వాడాలి అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. ఏ రాష్ట్రంలో మనకు ట్యాగ్ (జంతువును కొట్టడానికి ఇచ్చే అనుమతి) దొరుకుతుందన్నది మొదటిది. పడిన జంతువును ఎంత దూరం నుంచి మోసుకురాగలం అన్నది రెండోది. ఈ రెండూ తేలితే తుపాకీ, క్యాంపు, ప్రయాణం వాటంతటవే తేలిపోతాయి. అందుకే అదే వరుసలో చెబుతాను.

మజిల్‌లోడర్ అంటే మందు, గుండు రెండూ గొట్టం మూతి నుంచి దట్టించే తుపాకీ. మన ఏజెన్సీ ఊళ్లలో నాటు తుపాకీ చూసినవాళ్లకు పెద్దగా వివరించక్కర్లేదు. ఒకటి పేలాక మళ్లీ నింపేలోపు జంతువు కొండ దాటిపోతుంది. అయినా దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం సీజన్. కొలరాడోలో మజిల్‌లోడర్ సీజన్ సెప్టెంబర్ రెండో శనివారం ప్రాంతంలో మొదలై 9 రోజులు ఉంటుంది. మగ ఎల్క్‌లు ఆడవాటి కోసం పోటీపడి కూసే కాలం అది. పిలుపుకు బదులిచ్చి, కోపంతో మన వైపే నడిచి వచ్చే మగదాన్ని 60 గజాల్లో చూడగలిగేది అప్పుడే. మామూలు రైఫిల్ సీజన్లు అక్టోబర్ మధ్యలో మొదలవుతాయి. అప్పటికి కూతలు తగ్గిపోతాయి, జనం పెరుగుతారు, మందలు బెదిరి దట్టమైన చోట్లకు సర్దుకుంటాయి.

ఏ రాష్ట్రం

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా కొలరాడో. అక్కడ ఎల్క్‌లు 2.5 లక్షలకు పైగా ఉన్నాయి, అమెరికాలో మరే రాష్ట్రంలోనూ అన్ని లేవు. నేషనల్ ఫారెస్ట్, బీఎల్ఎం (ఫెడరల్ భూ నిర్వహణ శాఖ) భూములు కలిపి 2 కోట్ల ఎకరాల పైనే. మజిల్‌లోడర్ ట్యాగులన్నీ డ్రాలోనే (దరఖాస్తుల్లోంచి తీసే ఎంపికలోనే) ఇస్తారు. దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదటి మంగళవారం. దరఖాస్తు చేసేటప్పుడు చిన్న ఫీజు కడితే చాలు, ట్యాగ్ డబ్బు డ్రాలో వచ్చాకే తీసుకుంటారు. కాకపోతే దానికి ముందే డ్రాకు అర్హత ఇచ్చే క్వాలిఫైయింగ్ లైసెన్స్ ఒకటి కొని ఉండాలి. బయటి రాష్ట్రంవాళ్లకు ఎల్క్ ట్యాగ్ 800 డాలర్ల చుట్టుపక్కల పడుతుంది, అక్కడ నివాసం ఉన్నవాళ్లకు 100 లోపే. డెన్వర్, అరోరా వైపు ఆరు నెలలుగా ఉంటున్నవాళ్లు నివాస నిబంధనలు ఒకసారి చదువుకోవాలి. ఆ ఒక్క తేడాతోనే మొత్తం ఖర్చు సగానికి పైగా తగ్గవచ్చు.

డ్రాలో రానివాళ్లకు ఏటా పాయింట్లు కలుపుతూ ముందుకు జరిపే పద్ధతి న్యూ మెక్సికోలో లేదు. ఇరవై ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాడికీ, ఈ ఏడాదే మొదలుపెట్టినవాడికీ ఒకే అవకాశం. వినడానికి బాగుంటుంది కానీ కోటా చూడండి: 84 శాతం ట్యాగులు ఆ రాష్ట్రంవాళ్లకు, 10 శాతం అవుట్‌ఫిట్టర్‌తో (వేట ఏర్పాట్లు చేసే సంస్థతో) ఒప్పందం చేసుకున్నవాళ్లకు. గైడ్ లేకుండా వెళ్లే బయటివాళ్లకు మిగిలేది 6 శాతమే. పైగా ట్యాగ్ డబ్బంతా ముందే కట్టాలి, రాకపోతే తిరిగి ఇస్తారు. దీన్ని లాటరీలా ప్రతి ఏడూ వేసుకోండి, దాని మీద మాత్రం ప్లాన్ కట్టుకోవద్దు.

ఐడహో పాత పద్ధతి ఇష్టపడేవాళ్ల రాష్ట్రం. మజిల్‌లోడర్‌కు మాత్రమే కేటాయించిన సీజన్లలో 209 ప్రైమర్ (మందును రాజేసే చిన్న ఆధునిక క్యాప్) నిషేధం. చెకుముకి రాయి గానీ, పెర్కషన్ క్యాప్, మస్కెట్ క్యాప్ గానీ వాడాలి. మందు రాజుకునే చోటు గాలికి, వానకు తెరిచి ఉండాలి. స్కోప్ కుదరదు, పెల్లెట్ మందు (బిళ్లలుగా చేసినది) కుదరదు, సాబో గుండ్లు (ప్లాస్టిక్ తొడుగులో ఉండే చిన్న గుండ్లు) కుదరవు. షాపులో సాధారణంగా దొరికే ఇన్‌లైన్ తుపాకీ (మందు రాజేసే భాగం గొట్టం వెనకే ఉండే కొత్త రకం) పట్టుకుని అక్కడికి వెళ్తే పనికిరాదు. ఇదివరకే సైడ్‌లాక్ (సుత్తి పక్కన ఉండే పాత రకం) తుపాకీతో చేయి తిరిగినవాళ్లకు మాత్రం చక్కటి చోటు.

సియాటిల్, రెడ్‌మండ్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వాషింగ్టన్ సంగతీ చెప్పాలి. అక్కడ జనరల్ సీజన్ ట్యాగ్ కౌంటర్‌లోనే కొనుక్కోవచ్చు. విల్లు, మజిల్‌లోడర్, మామూలు రైఫిల్ మూడింటిలో ఒకటే ఎంచుకోవాలి, తూర్పు వైపో పడమర వైపో కూడా ముందే తేల్చుకోవాలి. తూర్పున యాకిమా, బ్లూ మౌంటెన్స్ వైపు చాలా యూనిట్లలో (వేట కోసం విడదీసిన ప్రాంతాల్లో) జనరల్ సీజన్‌లో కొమ్ము చీలని కుర్ర మగవాటినే కొట్టాలి. అవి దొరకడం కష్టం. ఇంటికి దగ్గర కాబట్టి నేర్చుకోవడానికి బాగుంటుంది, ఫ్రీజర్ నింపుకోవాలంటే ఓపిక కావాలి.

వయోమింగ్‌ను ఈ పోలికలోంచి తీసేశాను. డిజిగ్నేటెడ్ వైల్డర్‌నెస్‌లో (రోడ్లు, వాహనాలు లేకుండా చట్టం కాపాడే అడవిలో) బయటి రాష్ట్రంవాళ్లు పెద్ద జంతువులను వేటాడాలంటే అక్కడ గైడ్ తప్పనిసరి. సొంతంగా వెళ్లాలనుకునేవాళ్లకు ఆ అడవులు మూసి ఉన్నట్టే.

హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఒక మాట. నాన్ ఇమిగ్రెంట్ వీసాదారులు తుపాకీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్స్ ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. మూతి నుంచి మాత్రమే నింపే, నల్లమందుకో దాని ప్రత్యామ్నాయానికో తయారైన తుపాకీని ఫెడరల్ చట్టం చాలావరకు పురాతన ఆయుధాల కింద లెక్కిస్తుంది. అయితే బ్యారెల్ మార్చి మామూలు రైఫిల్‌గా వాడుకునే మోడళ్లకు అది వర్తించదు. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు. లైసెన్స్ కాలం ముగిస్తే మినహాయింపూ పోతుంది. వీసా స్టేటస్‌తో ఆటలొద్దు. ఈ ఒక్క విషయంలో ఇమిగ్రేషన్ లాయర్‌కు ఫీజు కట్టి అడగడమే మంచిది.

పాయింట్లు కూడబెట్టాలా, ఈ ఏడే వెళ్లాలా

కొలరాడోలో ఈశాన్యం, ఆగ్నేయం వదిలేస్తే ఎల్క్ ఉన్న యూనిట్లు డజన్ల కొద్దీ ఉన్నాయి. వాయవ్య మూలలో ఉన్న 2, 10, 201 యూనిట్ల పేర్లు మీరు ఎక్కువగా వింటారు. పెద్ద కొమ్ముల మగవి అక్కడ ఉన్న మాట నిజమే. కానీ ఆ ట్యాగులకు ఇరవైకి పైగా పాయింట్లు కావాలి, ఏడాదికి వచ్చేది ఒక్క పాయింట్. ముందున్న క్యూ కూడా ప్రతి ఏడూ ఇంకా పొడుగవుతోంది. నలభై ఏళ్ల వయసులో ఇప్పుడు మొదలుపెట్టి ఆ యూనిట్ల కోసం ఆగడం తెలివైన పని అని నేను అనుకోను. ట్యాగ్ వచ్చేనాటికి మోకాళ్లు సహకరించాలి కదా. పైగా అడవిలో అనుభవం లేకుండా అంత విలువైన ట్యాగ్ వాడితే చాలావరకు వృథానే.

సున్నా నుంచి రెండు పాయింట్లతో దొరికే యూనిట్లు చూడండి. రాష్ట్ర వైల్డ్‌లైఫ్ విభాగం ఏటా డ్రా రీక్యాప్ నివేదిక ఇస్తుంది. ఏ హంట్ కోడ్‌కు (జంతువు, యూనిట్, సీజన్ కలిపి ఇచ్చే గుర్తుకు) ఎంతమంది వేశారు, ఎన్ని పాయింట్లకు వచ్చింది అన్నీ అందులో ఉంటాయి. దాని పక్కనే హార్వెస్ట్ రిపోర్టు (ఎన్ని జంతువులు పడ్డాయో చెప్పేది) పెట్టుకుని చదవాలి. రాష్ట్రం మొత్తం మీద ఎల్క్ వేటగాళ్లలో సుమారుగా ఐదుగురిలో ఒకరికే జంతువు దొరుకుతుంది. కాబట్టి ఏదైనా యూనిట్‌లో అంతకంటే బాగా ఎక్కువ కనిపిస్తే, అక్కడ ప్రైవేటు ర్యాంచ్‌లలో కొట్టినవే ఎక్కువేమో అని అనుమానించండి. ఫ్లాట్ టాప్స్ చుట్టూ ఉన్న వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్, గన్నిసన్ బేసిన్, శాన్ వాన్ పర్వతాలు, ఈ మూడు ప్రాంతాల నుంచి మొదలుపెట్టి వెతికితే ప్రభుత్వ భూమికి లోటుండదు. వాయవ్యాన 2022–23 చలికాలం జింకలనూ ఎల్క్‌లనూ బాగా దెబ్బతీసింది. ఆ తర్వాత ట్యాగులు కూడా తగ్గించారు. కాబట్టి ఆ వైపు పాత నివేదికలు చూసి మురిసిపోవద్దు.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. కొలరాడోలో పాయింట్లు ఖర్చయ్యేది మొదటి ఎంపిక వచ్చినప్పుడే. మొదటి ఎంపికగా పాయింట్ కోడ్ (ట్యాగ్ కాకుండా పాయింట్ మాత్రమే అడిగేది) వేసి, రెండో ఎంపికగా పోటీ తక్కువున్న ఆడ ఎల్క్ ట్యాగ్ వేసుకుంటే పాయింటూ వస్తుంది, వేటకూ వెళ్లొచ్చు. హంట్ కోడ్ రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు చూసుకోండి: రెండో భాగంలో ఎం అంటే మగ, ఎఫ్ అంటే ఆడ, ఈ అంటే ఏదైనా. చివరి అక్షరం ఎం అయితేనే మజిల్‌లోడర్.

మగదా ఆడదా అన్నదానికి నా జవాబు సూటిగా: మాంసం కోసం వెళ్తే ఆడది. ట్యాగ్ సులువు, మాంసం మెత్తన, మోత తక్కువ. కూతలు వినాలి, పిలిచి రప్పించాలి అన్న కోరిక ఉంటే మగదానికి వేయండి. అయితే చాలా యూనిట్లలో మగదానికి ఒక కొమ్ము మీద నాలుగు చీలికలు గానీ, 5 అంగుళాల కనుబొమ్మ చీలిక (కొమ్ము మొదట్లో ముందుకు వచ్చేది) గానీ ఉండాలని నిబంధన ఉంది. మసక వెలుతురులో, పొదల మధ్య, గుండె దడదడలాడుతుంటే చీలికలు లెక్కపెట్టడం టెన్షన్ పెట్టే పని.

ఎంత దూరం మోయగలం

ఎంపికలన్నిటిలో ఇదే అసలైనది. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకునేదీ దీని గురించే.

మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది, ఆడది 220 పైన. ఎముకలు తీసేసినా పెద్ద మగదాని నుంచి 90 కిలోల చుట్టూ మాంసం వస్తుంది. ఒక్క మనిషి వీపు మీద ఒకసారికి 25 కిలోలు మోస్తాడనుకుంటే నాలుగు ట్రిప్పులు. రోడ్డు నుంచి మూడు మైళ్లు లోపలికి వెళ్లి కొడితే నాలుగుసార్లు పోయిరావడానికి 24 మైళ్లు నడవాలి, అందులో సగం బరువుతో, అదీ 10,000 అడుగుల ఎత్తులో. సెప్టెంబర్‌లో పగలు ఎండ బాగానే ఉంటుంది, మాంసం అక్టోబర్‌లోలా ఆగదు. ఈ లెక్క ఇంట్లో కూర్చుని కాగితం మీద వేసుకున్నవాళ్లు సరైన యూనిట్‌ను, సరైన క్యాంపును ఎంచుకుంటారు.

ఒక్కరే వెళ్తే రోడ్డు నుంచి మైలున్నర లోపల వేటాడండి. ఇద్దరైతే మూడు మైళ్ల దాకా పర్వాలేదు. అంతకంటే లోపలికి వెళ్లాలంటే గుర్రాలున్న ప్యాకర్‌తో ముందే మాట్లాడుకోవాలి. మాంసం మాత్రం బయటికి చేర్చే ప్యాకర్లు ఉంటారు. ఆ అడవిలో పని చేయడానికి పర్మిట్ ఉన్నవాళ్లేనా అని ఆ ఫారెస్ట్ ఆఫీసుకే ఫోన్ చేసి కనుక్కోండి. వాళ్ల నంబరు వేటకు ముందే మీ దగ్గర ఉండాలి, జంతువు పడ్డాక వెతుక్కుంటే కుదరదు.

వైల్డర్‌నెస్‌ను ఎంచుకుంటే చక్రమున్న ఏ వస్తువూ తీసుకెళ్లకూడదు. చేతి బండి కూడా నిషేధమే. మామూలు నేషనల్ ఫారెస్ట్‌లో, మూసేసిన పాత లాగింగ్ రోడ్ల మీద బండి పనిచేయొచ్చు. ఏ రోడ్డు మీద ఏ వాహనం వెళ్లొచ్చో ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇచ్చే మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్‌లో ఉంటుంది. వాహనాలు వెళ్లలేని, అయినా రోడ్డుకు దగ్గరగా ఉన్న మడతలు, నిటారు లోయలు అందులో పట్టుకోండి. జనం దగ్గర చోట్లను వదిలేసి దూరం పరుగెడతారు, లేదా రోడ్డు మీదే ఉండిపోతారు. మధ్యలో మిగిలిన పట్టీలో ఎల్క్‌లు ఉంటాయి.

భూమి ఎవరిదన్నది కూడా మీరే చూసుకోవాలి. కొలరాడోలో బోర్డు లేకపోయినా ప్రైవేటు భూమిలో అడుగు పెట్టడం నేరమే. స్టేట్ ట్రస్ట్ ల్యాండ్ పేరులో స్టేట్ ఉంది కదా అని అన్నిట్లోకీ వెళ్లలేం, వేటకు తెరిచినవి కొన్నే. సరిహద్దులు చూపే మ్యాప్ యాప్ ఒకటి కొని, సిగ్నల్ ఉండదు కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

జంతువు పడగానే తోలు తీసి, కాళ్లు విడదీసి, గాలి ఆడే గుడ్డ సంచుల్లో నీడలో వేలాడదీయాలి. ప్లాస్టిక్ కవర్లలో పెడితే వేడి లోపలే ఉండి మాంసం పాడవుతుంది. అన్నిటికంటే ముందు ఎముక చుట్టూ ఉన్న మందపాటి తొడ మాంసం చెడుతుంది. లింగం గుర్తు తెలిసే భాగం మాంసానికి అంటి ఉండాలన్న నిబంధన మర్చిపోవద్దు. మనవాళ్లకు బొమికల పులుసు మీద ఆశ సహజమే. కానీ ఎల్క్, జింకల్లో సీడబ్ల్యూడీ అనే ప్రాణాంతక జబ్బు ఉంది కాబట్టి మెదడు, వెన్నుపాము ఉన్న భాగాలను రాష్ట్ర సరిహద్దు దాటించడాన్ని చాలా రాష్ట్రాలు నిషేధించాయి. టెక్సస్‌కు తిరిగి వెళ్లేవాళ్లు ఎముక తీసిన మాంసమే తీసుకెళ్తే గొడవ ఉండదు. తలను పరీక్షకు ఇచ్చి, ఫలితం వచ్చాకే వండుకోండి. కొవ్వు దాదాపు ఉండదు, అందుకే ఖీమాకూ పచ్చడికీ బ్రహ్మాండంగా ఉంటుంది.

తుపాకీ, మందు, గుండు

కొలరాడో మజిల్‌లోడర్ సీజన్ నియమాలు గుర్తుంచుకుంటే షాపులో సగం సరుకు పక్కన పెట్టేయొచ్చు. ఎల్క్‌కు కనీసం .50 క్యాలిబర్. స్కోప్, రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపే గురి సాధనం) కుదరవు. పెల్లెట్ మందు కుదరదు, పొడి మందే పోయాలి. సాబో గుండ్లు నిషేధం. స్మోక్‌లెస్ పౌడర్ నిషేధం, మామూలు మజిల్‌లోడర్‌లో అది పోస్తే గొట్టం పగిలి ప్రాణం మీదికి వస్తుంది కూడా. ఫైబర్ ఆప్టిక్ సైట్లు, పీప్ సైట్ (చిన్న రంధ్రంలోంచి గురి చూసేది) పెట్టుకోవచ్చు.

ఇన్‌లైన్‌కూ సైడ్‌లాక్‌కూ మధ్య తేల్చుకోవాలంటే: కొత్తవాళ్లకు 209 ప్రైమర్ ఉన్న ఇన్‌లైన్. సెప్టెంబర్‌లో కొండల మీద మధ్యాహ్నం ఉరుములతో వాన మామూలే. మూసిన బ్రీచ్‌లో (గొట్టం వెనక భాగంలో) మందు తడవడం తక్కువ, శుభ్రం చేయడం సులువు. సైడ్‌లాక్ అందం వేరు, దాన్ని ప్రేమించేవాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అయితే ఆ క్యాప్ తడవకుండా చూసుకునే అలవాటు ఇంటి దగ్గరే రావాలి. దాంతో గుండ్రటి బంతి వాడాలనుకుంటే .50 కంటే .54 తీసుకోండి. .50 బంతి 180 గ్రెయిన్ల (గుండు బరువు కొలత) లోపే ఉంటుంది, నిబంధనకు సరిపోయినా ఎల్క్ లాంటి జంతువుకు తేలిక. ఇన్‌లైన్‌లో 300 నుంచి 400 గ్రెయిన్ల కోనికల్ (పొడవాటి మొన ఉన్న) గుండు నా ఎంపిక.

మందులో బ్లాక్‌హార్న్ 209 మసి తక్కువ పెడుతుంది. వరసగా రెండు మూడు కాల్చినా గొట్టం తుడవక్కర్లేదు. ఖరీదెక్కువ, గట్టి ప్రైమర్ లేకపోతే రాజుకోదు. పైరోడెక్స్, ట్రిపుల్ సెవెన్ చవక, ఎక్కడైనా దొరుకుతాయి, కానీ అదే రోజు కడగకపోతే తుప్పు పట్టుకుంటుంది. ఏదైనా సరే ఘనపరిమాణం కొలిచే గొట్టంతోనే కొలవండి. తూకం వేసి అదే అంకె పోస్తే బ్లాక్‌హార్న్ మోతాదు మించిపోతుంది.

నలభై దాటి, రోజంతా స్క్రీన్ చూసే మన కళ్లకు ముందు సైట్ మసకగా కనబడుతుంది. మామూలు వీ సైట్ కంటే పీప్ సైట్ అలాంటివాళ్లకు బాగా నప్పుతుంది. మోకాలి మీద కూర్చుని, ఆనుడు లేకుండా, పేపర్ ప్లేట్‌లో మూడుకు మూడూ పడే దూరమే మీ హద్దు. చాలామందికి అది 80 గజాలు, బాగా సాధన చేస్తే 100. అది దాటాక బరువైన గుండు వేగంగా కిందికి దిగుతుంది. గాయపడి పారిపోయిన జంతువును వెతుకుతూ తిరగడం కంటే బాధ వేటలో మరొకటి లేదు.

ఆరెంజ్ లేదా పింక్ రంగు 500 చదరపు అంగుళాలు, తలమీద టోపీతో సహా, తప్పనిసరి. విల్లుతో వచ్చినవాళ్లకు ఆ నియమం లేదు, వాళ్లూ అదే అడవిలో ఉంటారు. కదిలిన ప్రతిదాన్నీ పూర్తిగా చూశాకే వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లాలి.

విమానమా, కారా, క్యాంపు ఎక్కడ

తుపాకీని తాళం వేసిన గట్టి పెట్టెలో చెక్ఇన్ చేయొచ్చు. తుపాకీ మందు, ప్రైమర్లు, క్యాపులు మాత్రం విమానంలో చేతి సంచిలోనూ చెక్ఇన్‌లోనూ నిషేధం. అక్కడికి వెళ్లాక కొంటే, మీరు సాధన చేసిన మందు ఆ చిన్న ఊళ్లో దొరక్కపోవచ్చు. తిరుగు ప్రయాణంలో 90 కిలోల మాంసం సంగతి సరేసరి. డాలస్ నుంచైనా సరే కారులో పెద్ద కూలర్లతో వెళ్లమంటాను.

క్యాంపు విషయంలో రోడ్డు పక్క ట్రక్ క్యాంపునే నేను ఇష్టపడతాను. చాలా నేషనల్ ఫారెస్టుల్లో 14 రోజుల దాకా ఉచితంగా ఉండొచ్చు. ఇక్కడ ఎల్క్ లేదని తేలితే గంటలో సర్దుకుని వేరే లోయకు పోవచ్చు. వీపు మీద డేరా మోసుకుని లోపల పడుకోవడం ఇద్దరు గట్టివాళ్లు ఉన్నప్పుడే. ఏ క్యాంపైనా సీజన్‌కు రెండు రోజుల ముందు చేరుకోండి. పల్లపు ప్రాంతం నుంచి వచ్చినవాళ్లకు తలనొప్పి, వాంతులు మొదలైతే మందులు మింగుతూ పైకి ఎక్కకూడదు, కిందికి దిగాలి.

డ్రాలో రాకపోతే

కొలరాడోలో మొదటి డ్రా తర్వాత రెండో డ్రా ఉంటుంది. ఆ తర్వాత ఆగస్టులో మిగిలిన ట్యాగుల జాబితా తెరుస్తారు, ముందు వచ్చినవాళ్లకు ముందు. జనం వెనక్కి ఇచ్చేసిన ట్యాగులను కూడా వారం వారం మళ్లీ అమ్మకానికి పెడతారు. మజిల్‌లోడర్ ఆడ ఎల్క్ ట్యాగులు అప్పుడప్పుడు అక్కడ కనిపిస్తాయి. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ లేకపోతే సాధారణంగా ఇవేవీ కొనలేరు కాబట్టి ఆ కోర్సు చలికాలంలోనే పూర్తి చేయండి. మిగిలిన ట్యాగ్ కొనేముందు ఆ యూనిట్ మ్యాప్ తెరిచి చూడండి. ప్రభుత్వ భూమి లేకుండా అంతా ర్యాంచ్‌లే ఉన్న యూనిట్ల ట్యాగులే ఎక్కువగా మిగిలిపోతాయి.